తిరగేసి పట్టిన గిటార్

జగ్గయ్యపేట బస్టాండు వెనక వీధిలో పరిమళ టైలరింగ్ షాపు, భవానీప్రసాద్ సౌండ్ సర్వీసు పక్కపక్కనే ఉంటాయి. మధ్యగోడ ఒకటే, అదీ పల్చటి గోడ. ఇవతలి మిషను చప్పుడు అవతలికి, అవతలి పాటలు ఇవతలికి ధారాళంగా వస్తుంటాయి.

పరిమళ దగ్గర నేను జాకెట్లు కుట్టించుకోవడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఆవిడ కత్తెర ఎడమచేత్తో పడుతుందన్న సంగతి మొదటిరోజే చూశాను. ఆవిడకు గిటార్ వచ్చన్న సంగతి మాత్రం మొన్నమొన్నటిదాకా నాకే కాదు, ఆవిడ భర్తకు కూడా తెలియదు. ఈ కథలో కొంత ఆవిడ చెప్పింది, కొంత ఆ షాపులో స్టూలు మీద కూర్చుని నేను చూసింది.

పరిమళది చిల్లకల్లు. తండ్రి ఏసురత్నం పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలికి వెళ్ళేవాడు. ఆదివారం వస్తే ఉతికిన తెల్లచొక్కా వేసుకుని చర్చిలో గిటార్ వాయించేవాడు. ఊళ్ళో డోలక్ వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నా గిటార్ వచ్చినవాడు ఆయనొక్కడే. ఆ గిటార్ సంఘానిది. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక పాస్టరుగారు చర్చికి ఇచ్చిపోయారు. చర్చిలో ఉంచితే ఎలకలు పాడుచేస్తాయని ఏసురత్నం ఇంట్లో గోడకు తగిలించేవాడు.

ఆయన కొడుకు వెస్లీకి నేర్పుదామని చూశాడు. వెస్లీకి క్రికెట్ మీద ఉన్న ధ్యాస దాని మీద లేదు. కూతురికి నేర్పాలని ఆయనకు తోచలేదు. పరిమళది పుర్రచేతి వాటం. అన్నం తినేటప్పుడు ఎడమచెయ్యి కంచంలోకి పోతే తల్లి ఆ చేతి మీద గరిటెతో తట్టేది. బళ్ళో పలక దగ్గరా అంతే. అలా తట్టగా తట్టగా తినడం, రాయడం కుడిచేతికి వచ్చాయి గానీ, ఎవరూ చూడనప్పుడు చేసే పనులన్నీ ఎడమచేతికే ఉండిపోయాయి. గిటార్ కూడా ఎవరూ చూడనప్పుడే పట్టుకుంది. ఇంట్లో అందరూ చేలోకి పోయాక, దాన్ని మేకు మీంచి దించి, తన చేతికి ఎటు వాటంగా ఉంటే అటు ఒళ్ళో పెట్టుకుంది. దాంతో గిటార్ తలకిందులైంది. పైన ఉండాల్సిన లావు తీగలు కిందికి, కింద ఉండాల్సిన సన్న తీగలు పైకి వచ్చాయి.

ఒకరోజు వాన పట్టి ఏసురత్నం పెందలాడే ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి కాసేపు విన్నాడు.

"అట్టా కాదే, తిప్పి పట్టుకో" అన్నాడు.

తిప్పి పట్టుకుంటే ఆ పిల్లకు ఒక్క ముక్క రాలేదు. కొన్నాళ్ళు ప్రయత్నించి తండ్రే వదిలేశాడు. తీగలు విప్పి అటువి ఇటు కడితే సరిపోయేది. కానీ ఆదివారం ఆయన వాయించాలి కదా. అందుకని ఆయన తన వాటాన చూపించడం, ఆ పిల్ల ఎదురుగా కూర్చుని అద్దంలో చూసినట్టు దాన్ని తిరగేసుకోవడం అలవాటైంది. అందరూ బొటనవేలితో లావు తీగలు మీటి, మిగతా వేళ్ళతో పాట పలికిస్తారు. పరిమళకు పాట బొటనవేలి కింద పడింది. లావు తీగలు మిగతా వేళ్ళ పాలయ్యాయి.

పదో తరగతిలో ఉండగా తండ్రికి చలిజ్వరం వచ్చిన ఆదివారం ఒకటి వచ్చింది. ఆరాధనకు గిటార్ లేకుండా ఎలా అని అందరూ అనుకుంటుంటే, ఏసురత్నమే దుప్పటి కప్పుకుని వచ్చి కూర్చుని, "మా పరిమళ వాయిస్తదండి" అన్నాడు. పరిమళ వాయించింది. భయంతో మొదటి కీర్తన కాస్త పరుగెత్తింది గానీ రెండోదానికి కుదురుకుంది. పాడేవాళ్ళు వెనక్కి తిరిగి చూడటం మానేసి పాటలో పడ్డారు.

ఆరాధన అయిపోయాక చెప్పుల దగ్గర సంఘ పెద్ద కృపారావు మాస్టారు ఏసురత్నాన్ని పిలిచారు. ఆయన హైస్కూల్లో టీచరు. చెడ్డవాడు కాదు. వాళ్ళ పేటలో చాలామంది పిల్లల్ని కూలి మాన్పించి బళ్ళో కూర్చోబెట్టింది ఆయనే. పరిమళ అంతదాకా చదివిందీ ఆయన చలవే.

"అమ్మాయి బానే వాయించిందయ్యా ఏసురత్నం. కానీ అదేం పట్టుకోవటం? తిరగేసి, ఎడం చేత్తో... దేవుడి సన్నిధిలో చూట్టానికి ఎబ్బెట్టుగా ఉంది. గొంతు బావుంటది కదా, పాడేవాళ్ళల్లో కూర్చోమను."

పరిమళ తండ్రి మొహం వంక చూసింది. చిన్నప్పట్నుంచీ అదే వాటమండీ, వినపడేది అదే పాట కదండీ అని ఏదో ఒక మాట అంటాడనుకుంది. ఏసురత్నం తల వంచుకుని "సరేనండి" అన్నాడు.

ఇంటికొచ్చి గిటార్ మేకుకు తగిలించింది. మళ్ళీ దించలేదు. ఆ తర్వాత పాడేవాళ్ళ వరసలోనూ ఎక్కువ రోజులు కూర్చోలేదు. పెనుగంచిప్రోలు రూట్లో ఆటో నడిపే నెహెమ్యాతో పెళ్ళై జగ్గయ్యపేట వచ్చేసింది. కుట్టుపని నేర్చుకుంది. పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు. కుట్టుకు పేరొచ్చింది.

పక్క షాపులోకి భవానీప్రసాద్ వచ్చింది ఈమధ్యే. పెనుగంచిప్రోలు వైపు వ్యవసాయం ఉన్న కుటుంబం వాళ్ళది. విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టి గిటార్ వాయించేవాడట. చదువయ్యాక బ్యాండు చెదిరిపోయింది, పిచ్చి మాత్రం మిగిలింది. పెళ్ళిళ్ళకూ సభలకూ మైకులు, బాక్సులు అద్దెకిచ్చే షాపు తెరిచాడు. పొద్దున్నే బాక్సులు టెస్ట్ చేసే వంకతో ప్రపంచంలో ఉన్న గిటారిస్టులందర్నీ వినిపించేవాడు. వీధిలో కొందరు విసుక్కునేవారు. పరిమళ మాత్రం మిషను ఆపి వినేది.

ఒకరోజు భవానీప్రసాద్ తన భార్య లహరి జాకెట్టు తీసుకెళ్ళడానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. పరిమళ జాకెట్టు మడతపెడుతూ అడిగింది.

"పొద్దున పెట్టారు చూడండి, ఒకాయన ఒక ముక్క పాడతాడు, ఆగుతాడు, అప్పుడు గిటారు మాట్లాడుద్ది. ఎవరండి ఆయన?"

"బి.బి. కింగ్ అక్కా. అమెరికాలో నల్లవాళ్ళ పాటలు, బ్లూస్ అంటారు. నువ్వు వింటున్నావా అదంతా?"

"వింటున్నా. ఆయన పాడేటప్పుడు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. మా చర్చిలో ముందు ఒకళ్ళు చరణం ఎత్తుకుంటే, తర్వాత అందరం అందుకుంటాం. అట్టా ఉంది. ఎక్కువ వాయించడండీ ఆయన. ఒక్కదాన్నే పట్టుకుని వణికించి వదిలేస్తాడు. చాలు."

భవానీప్రసాద్ చేతిలో జాకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నాళ్ళూ ఊళ్ళో తన పాటల గురించి తిట్లు తప్ప వేరే మాట విననివాడు.

అప్పట్నుంచి అతను ఏది పెట్టినా ముందు గోడ మీద తట్టేవాడు. తర్వాత పరిమళ ఏమంటుందోనని వచ్చి కూర్చునేవాడు. స్పెయిన్ దేశపు పాకో దె లూసియాను వినిపిస్తే, "ఆయన చెయ్యి అలిసిపోదా? రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టుంది" అంది. కానీ ఆ వేగం మధ్యలో ఒక్కసారి గభాలున ఆపే చోటు ఉంది చూశారా, అక్కడే ఆయన గొప్పతనమని కూడా అంది. గిటార్‌ను ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద కడ్డీ జారుస్తూ హిందుస్తానీ రాగాలు వాయించిన బ్రిజ్‌భూషణ్ కాబ్రాను విన్నరోజు ఆవిడ చేతిలో పని సాయంత్రందాకా కదల్లేదు. "మెట్లు లేకుండా నడిచాడండీ ఆయన. ఒకదాని మీంచి ఒకదానికి జారిపోతన్నాడు." జాజ్ వాయించిన జాంగో రైన్‌హార్ట్ సంగతి విని అసలు నమ్మలేదు. బండిలో నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయాయని, మిగిలిన రెండు వేళ్ళతోనే అంత పరుగు పెట్టించాడని భవానీప్రసాద్ వీడియో చూపించాల్సి వచ్చింది. అందులో ఆ చెయ్యి చూశాక పరిమళ తన చేతి రెండు వేళ్ళు మడిచి, మిగతా రెండూ ఆడించి చూసుకుంది.

భవానీప్రసాద్‌కు మాత్రం అందరికంటే జిమి హెండ్రిక్స్ గొప్ప. షాపులో ఆయన పోస్టరు కూడా ఉంది. ఒకరోజు పరిమళ టీ గ్లాసు ఇవ్వడానికి వెళ్ళి ఆ పోస్టరు ముందు ఆగిపోయింది.

"ఈయనది పుర్రచెయ్యా?"

"అవునక్కా. కుడిచేతివాళ్ళ గిటారే తిప్పి పట్టుకుని వాయించేవాడు."

"తీగలు?"

"తీగలు మార్చి కట్టుకునేవాడు. లేకపోతే తలకిందులైపోవూ?"

"మార్చకుండా వాయించినోళ్ళు లేరా?"

"అదెట్టా కుదురుద్దక్కా? తీగలు కలిపి పట్టే కార్డ్స్ అన్నీ తిరగబడిపోతాయి గదా."

పరిమళ చుట్టూ చూసింది. మూలన స్టాండు మీద అతని గిటార్ ఉంది. "ఒకసారి ఇస్తారా?" అంది. అతను నవ్వుతూ ఇచ్చాడు. ఆవిడ స్పీకరు బాక్సు మీద కూర్చుని, చీర కొంగు దోపుకుని, గిటార్‌ను తిరగేసి పట్టుకుంది. వేళ్ళు మొద్దుబారిపోయాయి. మొదట రెండు మూడుసార్లు తప్పు తీగలే తగిలాయి. తర్వాత చిన్నప్పటి కీర్తన ఒకటి, తడుముకుంటూ తడుముకుంటూ, దారికి వచ్చింది.

భవానీప్రసాద్ నవ్వు ఆగిపోయింది. ఆవిడ బొటనవేలి వంక వంగి చూస్తూ, "ఎవరు నేర్పారక్కా నీకిది?" అన్నాడు.

"ఎవరూ నేర్పలా. మా నాన్నది చూసి తిరగేసుకున్నా."

ఆ సాయంత్రమంతా అతను ఫోన్లో వెతికాడు. మర్నాడు పొద్దున్నే షటరు కూడా ఎత్తకుండా పరిమళ షాపు ముందు నిలబడ్డాడు. "నేను చెప్పింది తప్పక్కా. ఉన్నారు. ఆల్బర్ట్ కింగ్ అని బ్లూస్ వాయించే ఆయన, నీలాగే. అందరూ తీగను పైకి నెడితే ఆయన కిందికి లాగేవాడు, అందుకే ఆ సౌండు ఎవరికీ రాదు. ఇంకొకావిడ ఉంది. ఇదిగో, ఈవిణ్ణి చూడు."

ఫోన్లో ఒక ముసలావిడ. నల్లజాతి ఆవిడ, కళ్ళజోడు, ఒళ్ళో తలకిందులుగా గిటార్. బొటనవేలితో పాట, మిగతా వేళ్ళతో లావు తీగలు. హడావుడి లేదు. వంటింట్లో బియ్యం ఏరుతున్నంత నిమ్మళంగా వాయిస్తోంది. పేరు ఎలిజబెత్ కాటన్ అని భవానీప్రసాద్ చెప్పాడు.

"పేరు కూడా మన పత్తే" అని పరిమళ నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైంది. మిషను మీద తల పెట్టుకుని ఏడ్చింది. అతనికి ఏం చేయాలో తెలియక మంచినీళ్ళ సీసా ఇటు జరిపి నిలబడ్డాడు. "అది నా బొటనవేలేనండీ" అంది కాసేపటికి, కళ్ళు తుడుచుకుంటూ. "నేనొక్కదాన్నే ఇట్టా అనుకున్నా."

సాయంత్రం ఆటో దిగి వచ్చిన నెహెమ్యాకు ఈ సంగతి చెప్పింది భవానీప్రసాదే. నెహెమ్యా భార్య వంక వింతగా చూశాడు.

"ఇన్నేళ్ళు కాపురం చేసా. గిటారు వచ్చని ఒక్కసారైనా చెప్పలేదేంటే?"

"మన ఇంట్లో గిటారు ఏదండీ చెప్పటానికి?"

తర్వాతి వారం ఇద్దరూ విజయవాడ వెళ్ళారు. అక్కడ గిటార్లు అమ్మే షాపాయన పుర్రచేతివాళ్ళ కోసం ప్రత్యేకంగా చేసిన గిటార్ ఉందని ఉత్సాహంగా తీసి చూపించాడట. పరిమళ పట్టుకుని చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇది నాకు తిన్నగా ఉందండి. తిన్నగా ఉంటే నాకు రాదు" అందట. చివరికి మామూలు గిటారే కొనుక్కుని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ అది వాయించుకోవడం మొదలైంది. వేళ్ళ కొసలు కాయలు కాశాయి. సూది గుచ్చుకున్నా ఇప్పుడు తెలియట్లేదని నాకు చూపించింది.

తండ్రికి చెప్పడానికి మాత్రం కొన్ని నెలలు పట్టింది. ఏసురత్నం ఇప్పటికీ చిల్లకల్లులోనే ఉంటాడు. కీళ్ళవాతంతో వేళ్ళు కొంకర్లు పోయి గిటార్ వదిలేశాడు. చర్చిలో ఇప్పుడు కుర్రవాళ్ళు కీబోర్డు పెట్టారు. పరిమళ వెళ్ళి, మంచం మీద ఆయన పక్కన కూర్చుని, ఫోన్లో ఆ ముసలావిణ్ణి చూపించింది. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూశాడు.

"ఎవరే ఈవిడ? నీకు మల్లే పట్టుకుంది."

"అమెరికా ఆవిడ నాన్నా. ఇప్పుడు లేదు. చిన్నప్పుడు వాళ్ళన్న ఇంట్లో లేనప్పుడు తీసి నేర్చుకుందంట. తర్వాత చర్చి పెద్దలు ఆ పాటలు వద్దన్నారంట. మానేసి, ఇళ్ళల్లో పని చేసుకుని బతికింది. ముసలితనంలో మళ్ళీ పట్టుకుంది."

ఏసురత్నం పాట అయిపోయేదాకా చూసి ఫోను తిరిగి ఇచ్చాడు. పరిమళే అడిగేసింది.

"ఆ రోజు మాస్టారితో నువ్వు ఒక్క మాట అనుంటే బాగుండేది నాన్నా."

"అనాలనే ఉంది."

"మరి?"

"గిటారు సంఘానిది గదమ్మా. ఎదురు చెప్తే తెచ్చి ఇచ్చెయ్యమంటారని భయపడ్డా. వారమంతా వంగి చేలో పని చేసేవాణ్ణి. ఆదివారం ఆ కాసేపు తప్ప నాకేముంది? అది పోతే ఎట్టా అనుకున్నా." ఆయన వంకర వేళ్ళు దుప్పటి అంచు పట్టుకుని ఉన్నాయి. "నీకూ అట్టాగే ఉంటదని నాకు తట్టలా."

పర్లేదులే నాన్నా అని తాను అనలేదని పరిమళ నాతో చెప్పింది. పర్లేదని అనిపించలేదట. కానీ ఆయన చెప్పింది నిజమని తెలుస్తూనే ఉందట. "మళ్ళీ గిటారు చేతికొచ్చాక, దీన్ని ఎవరన్నా లాక్కుంటే నేనేం చేస్తానా అని నాకూ అనిపించిందండీ" అంది. ఆ రోజు ఆయనకు అన్నం పెట్టి, తలకు నూనె రాసి వచ్చేసింది.

కృపారావు మాస్టారు రిటైరయ్యాక నందిగామలో కూతురు సూసన్ దగ్గర ఉంటున్నారు. ముసలితనం, దానికి తోడు చూపు దాదాపు పోయింది. మొన్న శ్రీరామనవమి సెలవుకు ముందు సూసన్ ఏసురత్నానికి ఫోన్ చేసింది. నాన్నగారు పాత కీర్తనలు వినాలంటున్నారు, ఇంట్లో చిన్న ప్రార్థన పెట్టుకున్నాం, మీరు రాగలరా అని. ఏసురత్నం వస్తానన్నాడు. తన వేళ్ళ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఫోను పెట్టేసి పరిమళకు చేశాడు.

"నువ్వు రావాలమ్మా. గిటారు తీసుకుని."

"నేనా? ఆయన దగ్గరికా?"

"నేను కూడా ఉంటా గదా."

వెళ్ళాలా వద్దా అని ఆవిడ ఒక పూటంతా కొట్టుమిట్టాడింది. నెహెమ్యాయే తేల్చాడు. "నీకిష్టం లేకపోతే వద్దు. ఉంటే నేను తీసుకెళ్తా" అన్నాడు. చిల్లకల్లులో తండ్రిని ఎక్కించుకుని, హైవే మీద లారీల పక్కన ఆ ఆటో నందిగామ చేరింది.

మాస్టారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. "వందనాలండి మాస్టారూ, ఏసురత్నాన్ని" అని చెప్పి ఏసురత్నం మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. పరిమళ గొంతు ఎత్తకుండా కాస్త వెనగ్గా కూర్చుని గిటార్ తీసింది. ఏసురత్నం కీర్తన ఎత్తుకున్నాడు. గొంతు వణికినా శ్రుతి తప్పలేదు. పరిమళ బి.బి. కింగ్ దగ్గర విన్నది చేసింది. తండ్రి పాడుతుంటే తగ్గి, ఆయన ఊపిరి తీసుకునే చోట గిటార్‌తో బదులిచ్చింది. రెండో చరణానికి మాస్టారి పెదాలు కదిలాయి. మూడో చరణానికి సూసన్ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

పాట అయ్యాక మాస్టారు ఏసురత్నం గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపారు.

"ఈ వయసులో కూడా నీ వేళ్ళు ఎంత బాగా ఆడుతున్నాయయ్యా ఏసురత్నం. అప్పటికంటే బావుంది."

పరిమళ తల దించుకుంది. తండ్రి "అంతా దేవుడి దయండి" అని ఊరుకుంటాడనే అనుకుందట.

"వాయించింది నేను కాదు మాస్టారూ" అన్నాడు ఏసురత్నం. "నా వేళ్ళు పోయి చానా కాలమైంది. మా పరిమళ వాయించింది."

మాస్టారు దిండు మీంచి కాస్త లేచారు. "ఏ పరిమళ? నీ కూతురా?"

"అవునండి."

"ఎడంచెయ్యి..."

"ఎడంచేత్తోనేనండి. తిరగేసి పట్టుకునే వాయించింది. అప్పుడూ అట్టాగే వాయించింది. అప్పుడూ బాగానే వాయించింది మాస్టారూ. నేనే చెప్పలా."

ఆయన గొంతు పైకి లేవలేదు. కానీ ఆ చివరి మాట దగ్గర పరిమళ తలెత్తి తండ్రి వంక చూసిందట. మాస్టారు చూపులేని కళ్ళు పైకప్పు వైపు పెట్టి ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉండిపోయారు. ఆయనకు ఆ ఆదివారం అసలు గుర్తుందో లేదో ఇప్పటికీ తెలియదు. "నేనేమన్నానో నాకు గుర్తు లేదమ్మా" అన్నారు చివరికి. "అనే ఉంటా. అప్పట్లో చూపు బాగుండేది, చూసిందల్లా అనేవాణ్ణి." మొహం పరిమళ వైపు తిప్పి, "ఇంకోటి వాయించు. నీకు ఇష్టమైంది" అన్నారు.

పరిమళ కీర్తన వాయించలేదు. ఫోన్లో చూసి నేర్చుకున్న ఆ ముసలావిడ పాట వాయించింది. అది ఎవరిదో, ఏ దేశానిదో మాస్టారికీ సూసన్‌కూ తెలియదు. మాస్టారు వేలితో దుప్పటి మీద తాళం వేస్తూ విన్నారు.

తిరిగొస్తూ ఆటోలో తండ్రీ కూతుళ్ళు పెద్దగా మాట్లాడుకోలేదట. చిల్లకల్లు దగ్గర దిగేటప్పుడు ఏసురత్నం గిటార్ సంచీ జిప్పు సరిగ్గా పడలేదని వంగి, ఆ వంకర వేళ్ళతోనే లాగాడు. పరిమళ ఆయన లాగేదాకా ఆగింది.

ఇప్పుడు ఆవిడ జగ్గయ్యపేట చర్చిలో అప్పుడప్పుడు వాయిస్తోంది. చూడటానికి వింతగా ఉందని అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. అనుకోనివ్వండి అంటుంది. చిల్లకల్లులో తండ్రి దగ్గరికి వెళ్ళే రోజుల్లో గిటార్ తీసుకునే వెళ్తోంది. ఆయన పాడతాడు, ఈవిడ బదులిస్తుంది.

నిన్న నా జాకెట్టు కోసం వెళ్తే షాపులో వాదన జరుగుతోంది. ఎన్ని చెప్పినా హెండ్రిక్స్ తర్వాతే ఎవరైనా అని భవానీప్రసాద్. గిటార్‌తో ఉరుములు, మంటలు పుట్టించినవాడు ఇంకెవరున్నారని అతని ప్రశ్న.

"ఉరుములు బానే ఉన్నాయండి, కాదన్లా" అంది పరిమళ. "కానీ ఆ జాంగోని చూడండి. రెండు వేళ్ళతో ఆయన చేసింది నాకు అన్ని వేళ్ళతో రావట్లా. ఇదిగో, ఇక్కడ..." అని ఆ చోటు వాయించబోయి, తడబడి, నా వైపు చూసింది.

"జాకెట్టు హెమ్మింగు మిగిలిందండి. కాసేపు కూర్చుంటారా?"

కూర్చున్నాను. ఆవిడ సూది తీయలేదు. గిటార్ తిరగేసి పట్టుకుని ఆ చోటు మళ్ళీ మొదలుపెట్టింది.